ఆవకాయ జాడీ ఎక్కిన వ్యోమగామి

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్ళు. వాడి లెగో బొమ్మలకు సరదాగా ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. ఇప్పుడు వాడికన్నా నాకే పిచ్చి ఎక్కువైంది. రాత్రి వాడు పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద తీస్తాను, ఆదివారాలు ఆర్కే బీచ్‌కి పట్టుకెళ్తాను. ఎలా తీసినా అమ్మకానికి పెట్టిన బొమ్మలా ఉంటోంది తప్ప, నెట్‌లో చూసేవాటిలా ప్రాణం రావడం లేదు. నాది మధ్యరకం ఫోన్, అందులో బాగా దగ్గర్నుంచి తీసే 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా కూడా ఉంది. విడిగా మ్యాక్రో లెన్స్ కొనాలా, ఏకంగా పెద్ద కెమెరాయే కొనాలా? మా అత్తగారేమో "ఈ వయసులో బొమ్మలాటలేంటమ్మా" అంటున్నారు. మూడు ఫోటోలు జత చేశాను. చూసి చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: కొనే సంగతి చివర్లో చూద్దాం. ముందు మీ మూడు ఫోటోల గురించి చెప్పాలి.

మొదటిది డైనింగ్ టేబుల్ మీద జెండా పట్టుకున్న తెల్ల సూటు వ్యోమగామి. వాడి వెనక సగం ఆవకాయ జాడీ, పక్కన ఉప్పు సీసా మూత, ఇంకా వెనక్కి ఫ్రిజ్ తలుపు. రెండోది ఆర్కే బీచ్ ఇసుకలో మోటార్‌సైకిల్ పోలీసు. మీరు నిలబడే తీశారు కాబట్టి పోలీసుని వెతుక్కోవాల్సి వచ్చింది. మీ చెప్పు కొస మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది. మూడోది సముద్ర దొంగల ఓడ. ఫ్లాష్ వేసి తీశారు. ప్రతి బొడిపె మీదా ఒక తెల్ల మచ్చ, వెనక గోడ మీద తెరచాప నల్ల నీడ.

మూడింటికీ జబ్బు ఒక్కటే. ఫోటోలో ఆ బొమ్మ ఎంత పెద్దదో మీరు ముందుగా తేల్చుకోలేదు. ఇక్కడ ఉన్నవి రెండే దారులు. చూసేవాళ్ళు అది బొమ్మన్న సంగతి కాసేపు మరిచిపోయి వాణ్ణి నిండు మనిషిలా చూడాలి, అది ఒకటి. వాడు బుడ్డోడే, కానీ మన ఇల్లూ వాకిలీ వాడికి కొండలూ లోయలూ అయిపోవాలి, అది రెండోది. మొదటి దారిలో వాడి సైజు దాచాలి. రెండో దారిలో చాటాలి. మీ వ్యోమగామి ఫోటోలో జాడీ సగం కనిపిస్తోంది, సగం లేదు. దాచినట్టూ కాదు, చాటినట్టూ కాదు. అందుకే అది టేబుల్ మీద మరిచిపోయిన బొమ్మలా ఉంది.

ఇప్పుడు మనకు తెలిసిన ఈ లెగో మనిషి 1978లో వచ్చాడు. ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు. 170 సెంటీమీటర్ల మనిషితో పోలిస్తే దాదాపు 42వ వంతు. ఈ 42ని గుర్తుపెట్టుకోండి, పదేపదే అక్కరకొస్తుంది. బీచ్‌లో ఇసుక రేణువు అర మిల్లీమీటరు ఉందనుకుందాం. దాన్ని 42తో హెచ్చవేస్తే మీ పోలీసు లెక్కలో అది 2 సెంటీమీటర్ల గులకరాయి. అంటే అతను ఇసుకలో లేడు, కంకర మీద బండి నడుపుతున్నాడు. దగ్గరగా తీసిన ఫోటోలో ఇసుక ఇసుకలా కనిపించకపోవడానికి కారణం ఇదే. ఇసుక మైదానం కావాలంటే సన్న జల్లెడ పట్టి తీసిన మెత్తటి ఇసుకను బొమ్మ చుట్టూ గుప్పెడు పరిస్తే చాలు. ఫ్రేములో కనిపించేది ఆ గుప్పెడే.

ఫోటోలో ఉన్న ప్రతి వస్తువూ బొమ్మ సైజు గురించి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. కొన్ని మరీ చాడీకోరు రకం. గుడ్డ నేత, కర్రలోని చారలు, గడ్డిపోచ, అగ్గిపుల్ల మంట, మన వేలిముద్ర, ఇవన్నీ చూడగానే "వీడు బొమ్మే" అని బయటపెట్టేస్తాయి. అన్నిటికన్నా పెద్ద చాడీకోరు నీళ్ళు. తలతన్యత వల్ల నీటి చుక్క ఎక్కడైనా నీటి చుక్కంతే ఉంటుంది, బొమ్మ పక్కన ఉంది కదా అని చిన్నదైపోదు. అల వెనక్కి వెళ్ళాక మిగిలే నురగలో ఒక్కో బుడగ మీవాడి తలకాయంత ఉంటుంది. కాబట్టి అల అంచున బొమ్మను పెట్టి "సముద్ర తీరాన వీరుడు" అని తీసిన ఫోటోలు నూటికి తొంభై తేలిపోతాయి. సముద్రం కావాలంటే దాన్ని దూరంగా, వెనకాల నీలం పట్టీలా ఉంచండి.

మాట బయటపెట్టనివి కూడా ఉన్నాయి. రాయి, మట్టి, వాన నీరు కోసిన చారలు, మబ్బులు, దూరపు కొండలు. రాయిని ఒంటరిగా ఫోటో తీస్తే అది గుప్పెడంతదో గుడంతదో చెప్పలేం. భూగర్భ శాస్త్రజ్ఞులు రాళ్ళ ఫోటోల్లో పక్కన సుత్తో నాణెమో పెట్టేది అందుకే. వాళ్ళు పెట్టే చోట మనం బొమ్మను పెడతాం. వాళ్ళు నిజం చెప్పడానికి పెడితే మనం అబద్ధం చెప్పడానికి పెడతాం, అంతే తేడా.

మన ఊళ్ళో ఈ అబద్ధానికి భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను మించిన చోటు లేదు. అక్కడ వాన కోసిన పెద్ద లోయలు ఎలా ఉంటాయో, వాటి గట్ల మీద జానెడు లోతున్న చిన్న చారలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. ఆ చారలో మీ వ్యోమగామిని నిలబెట్టి, కెమెరాని వాడి కళ్ళ ఎత్తుకి దించి తీయండి, అంగారకుడి మీద దిగినట్టే ఉంటుంది. పొద్దున్నే వెళ్తే ఏటవాలు ఎండ చారల అంచుల్ని పట్టి చూపిస్తుంది; మధ్యాహ్నం అంతా ఒకే ఎరుపు. ఒక్క మాట. అది భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చోటు. ఉన్న చారను వాడుకోండి తప్ప మీరు తవ్వొద్దు, ఇంట్లో సెట్టు వేసుకోవడానికి మట్టి మూటగట్టుకు రావొద్దు. గట్లు ఎక్కితే విరుగుతాయి. బొమ్మ చేతిలోని చిన్న ముక్కలు అక్కడ పడిపోతే ఇక దొరకవు, ప్లాస్టిక్ అక్కడే ఉండిపోతుంది. బయల్దేరే ముందూ వచ్చేముందూ ముక్కలు లెక్కపెట్టుకోండి.

కళ్ళ ఎత్తు అన్నాను కదా, మొత్తం విద్యలో సగం అదే. మనిషిని మనిషి చూసే ఎత్తు నుంచి చూస్తే మనిషిలా కనిపిస్తాడు, మేడ మీంచి చూస్తే బొమ్మలా కనిపిస్తాడు. మీ పోలీసు ఫోటోలో కెమెరా ఐదడుగుల పైన ఉంది. అతని లెక్కలో అది అరవై మీటర్లకు పైగా ఎత్తు, అంటే హెలికాప్టర్ లోంచి తీసినట్టు. ఫోన్‌లో కెమెరా పైభాగంలో ఉంటుంది కాబట్టి ఎంత వంగినా లెన్సు నేలకి దిగదు. ఫోన్‌ని తలకిందులుగా తిప్పండి. లెన్సు నేలకి ఆనేంత కిందికి వచ్చేస్తుంది, బొమ్మ మొహానికి ఎదురుగా. బీచ్‌లో అయితే ఫోన్ కింద ఒక ప్లాస్టిక్ కవరు పరవండి, ఛార్జింగ్ రంధ్రంలోకి ఇసుక పోకుండా.

ఇంకో చాడీకోరు ఉంది, మసక. దగ్గరగా తీసేకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతు తగ్గిపోతుంది. మొహం స్పష్టంగా ఉంటే వెనక చెయ్యి మసకగా ఉంటుంది. నిండు మనిషిని మామూలుగా తీసినప్పుడు అలా జరగదు కాబట్టి, అంత మసక కనిపిస్తే మన కన్ను "ఇది బుల్లి వస్తువు" అని తీర్మానించేస్తుంది. దీన్ని తిరగేసి చూడాలనుంటే కైలాసగిరి మీంచి బీచ్ రోడ్డుని ఫోటో తీసి, ఫోన్‌లో పైభాగమూ కిందిభాగమూ మసక చేయండి. నిజం బస్సులు, నిజం మేడలు బొమ్మలైపోతాయి. మీకు కావాల్సింది దానికి వ్యతిరేకం కాబట్టి బొమ్మ ఒళ్ళంతా స్పష్టంగా ఉండాలి. అదృష్టం ఏమిటంటే ఫోన్ సెన్సర్ చిన్నది, పెద్ద కెమెరాల కన్నా అందులో ఫోకస్ లోతు ఎక్కువే వస్తుంది. వెనకభాగాన్ని దానంతట అదే మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వాడకండి. అది లెగో మనిషి కొక్కెంలాంటి గుండ్రటి చేతి మధ్య ఖాళీని గుర్తుపట్టలేదు, చేతిలో ఉన్న జెండా కర్రను సగం కరిగించేస్తుంది.

ఇప్పుడు బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సుర జలాంతర్గామి దగ్గరికి వద్దాం, ఎలాగూ ఆదివారాలు అటే వెళ్తున్నారు కదా. ఐఎన్‌ఎస్ కుర్సుర పొడవు 91 మీటర్లు. బొమ్మల లెక్కలో దాన్ని ఇటుకలతో కట్టాలంటే 2 మీటర్లు దాటుతుంది, మీ డైనింగ్ టేబుల్ చాలదు, జీతం అంతకన్నా చాలదు. కట్టడం ఎందుకు, అసలుదే ఉండగా? లెక్క చూడండి. 4 సెంటీమీటర్ల బొమ్మ లెన్సుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, సుమారు 13 మీటర్ల దూరంలో నిలబడ్డ నిజం మనిషంత కనిపిస్తుంది. జలాంతర్గామికి ఓ నలభై యాభై మీటర్ల దూరంలో ఇసుకలో ఫోన్ పెట్టి, ముందు 30 సెంటీమీటర్లలో మీ నావికుణ్ణి నిలబెట్టండి. జలాంతర్గామికి కొంత దూరంలో నిలబడి దాన్ని చూస్తున్న మనిషిలా ఉంటాడు. వాడి కాళ్ళ కింద ఇసుకకీ, దూరపు ఇసుకకీ మధ్య గీత తెలియకూడదు. లెన్సు నేలబారుగా ఉంటే ఆ గీత దానంతట అదే మాయమవుతుంది.

ఒక చిక్కు ఉంది. ఫోకస్ బొమ్మ మీద ఉంటే జలాంతర్గామి కాస్త మెత్తబడుతుంది. దాని ఆకారం అందరికీ తెలిసిందే కాబట్టి కొంచెం మెత్తబడినా పర్లేదు. రెండూ స్పష్టంగా కావాలంటే ఫోన్‌ని కదలకుండా బిగించి, బొమ్మ మీద ఫోకస్ పెట్టి ఒకటి, జలాంతర్గామి మీద పెట్టి ఒకటి తీసి, ఎడిటింగ్ యాప్‌లో ఒకదాని మీద ఒకటి వేసి కలపండి. తెర మీద మొహం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ అక్కడే బిగుసుకుంటుంది.

వేళ కూడా ముఖ్యం. మనకి సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు, కొండల వెనక్కి పోతాడు. పొద్దు పొడిచేది జూన్‌లో అయిదున్నర లోపే, జనవరిలో ఆరున్నర దరిదాపుల్లో. పొద్దున సముద్రం వైపు ఉండి ఊరి వైపు తిరిగి తీస్తే కుర్సుర మీదా మీ బొమ్మ మీదా ఎండ నేరుగా పడుతుంది. సముద్రం వైపు తిరిగి తీస్తే బొమ్మ నల్లటి నీడ బొమ్మ అవుతుంది. అదే కావాలనుకుంటే సరే, మొహం కనిపించాలంటే ఎదురుగా తెల్ల అట్టముక్క పట్టుకోవాలి. సాయంత్రం కొండల చాటు వెలుతురు మెత్తగా ఉంటుంది, మెరుపు మరకలు తక్కువ. కానీ జనం. మురీ మిక్చర్ (మరమరాల చిరుతిండి) బండ్ల చుట్టూ ఉండే కాళ్ళ మధ్య నేల మీద బోర్లా పడుకుని ఫోటో తీయడం జరిగే పని కాదు.

సముద్రానికి వీపు పెట్టి తీస్తున్నప్పుడు తెర మీదే కళ్ళుంటాయి, అల ఎంత దూరం వచ్చిందో తెలియదు. పొడి ఇసుక దాటి ముందుకి వెళ్ళకండి, పక్కన పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి. బాబుకి కాపలా డ్యూటీ వేయకండి, వాడు అలల్నే చూస్తూ ముందుకి పోతాడు. హార్బరు వైపు, నౌకాదళం ఆవరణల వైపు ఫోటోలు నిషేధం అని బోర్డులుంటాయి. లెగో బొమ్మే కదా అని అక్కడ ఎవరూ ఊరుకోరు.

ఇక రెండో దారి, బొమ్మ సైజుని చాటేది. నిజం చెప్పాలంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే దీనికి ఊరు దాటక్కర్లేదు, గడప కూడా దాటక్కర్లేదు. లండన్ వీధుల్లో స్లింకాచు అనే పేరుతో పనిచేసే కళాకారుడు బుల్లి బొమ్మల్ని అక్కడే వదిలి, ఒకే దృశ్యాన్ని రెండుసార్లు తీస్తాడు: దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి. దగ్గరి ఫోటోలో వాళ్ళు మనుషులు. దూరపు ఫోటోలో, రోడ్డు పక్కన ఎవరూ పట్టించుకోని చుక్క. రెండూ పక్కపక్కన పెడితేనే కథ. జపాన్‌లో తత్సుయా తనాకా 2011 నుంచి రోజుకొక ఫోటో చొప్పున, బ్రోకలీని చెట్టు చేసి, వంటింటి వస్తువుల్ని ఊళ్ళు చేసి తీస్తూనే ఉన్నాడు. ఇద్దరూ సైజుని దాచరు, దాన్నే కథ చేస్తారు. వాళ్ళ బ్రోకలీ మనకెందుకు? కొత్తిమీర కట్ట ఉంది, రాతి ఉప్పు ఉంది, బెల్లం దిమ్మ ఉంది. మాడుగుల హల్వా ముక్కను కత్తితో నిట్టనిలువుగా కోస్తే ఆ ముదురు గోధుమరంగు గోడ గని లోపలిలా మెరుస్తుంది. పారలు పట్టిన ఇద్దరు కూలీలను ముందు నిలబెట్టి, పైన పొదిగిన జీడిపప్పును బంగారం ముద్ద చేయొచ్చు. ఫోటో అయ్యాక గని ఏమవుతుందో మీ ఇంట్లోవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆ వ్యోమగామి ఫోటోని మీ టేబుల్ మీదే మళ్ళీ తీయిస్తాను. ఉప్పు సీసా తీసేయండి. ఫ్రిజ్ కనిపించకుండా జాడీ వెనక ఒక మీటరు దూరంలో ముదురు నీలం చార్టు కాగితం, లేదా నల్ల దుప్పటి. ఇప్పుడు జాడీని పూర్తిగా ఒప్పుకోండి. అదే కొండ. తెల్లటి కింది భాగం, గోధుమరంగు మెడ, మూతికి కట్టిన వాసెన గుడ్డ. వ్యోమగామి శిఖరం మీద, అంటే వాసెన మీద, ఒక కాలు ముందుకేసి నిలబడ్డాడు. జెండా నాటాడు. నడుముకి కుట్టుదారం కట్టి, ఆ దారాన్ని జాడీ మెడ మీంచి కిందికి వదలండి. కింద ఇంకొకడు దాన్ని పట్టుకుని పైకి చూస్తున్నాడు. ఇప్పుడు వాసెన గుడ్డ నేత కనిపిస్తుంది, పోగులు మోకుల్లా ఉంటాయి. ఇందాక చాడీకోరు అన్న ఆ నేతే ఇక్కడ మీ పక్షం. జాడీ మెడ మీద ఎండిపోయిన ఎర్ర నూనె చారిక ఉంటే తుడవకండి, అది లావా. బొమ్మకి మాత్రం అంటనివ్వకండి. ఆవకాయ నూనె, పసుపు తెల్ల ముక్కల మీద పడితే ఓ పట్టాన వదలవు. కెమెరాని ఎక్కడ పెట్టాలి? కింద ఉన్నవాడి భుజం ఎత్తులో, పైకి చూస్తూ. జాడీ మొత్తం ఫ్రేములో ఉండాలి. సగం జాడీ ఇక వద్దు.

వెలుతురు గురించి. మీ ఓడ మీద పడ్డ తెల్ల మచ్చలకి కారణం ఫ్లాష్. లెగో ముక్కలు ఏబీఎస్ అనే నున్నటి గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు, దీపం ఎంత ఉంటే అంత మచ్చను తిప్పి కొడుతుంది. చిన్న దీపం అయితే చిన్న కరకు మచ్చ, పెద్ద వెలుతురు అయితే పరుచుకున్న మెత్తటి మెరుపు. ఇక్కడ బొమ్మ చిన్నదవడం మీకు కలిసొస్తుంది. పోస్ట్‌కార్డంత బటర్ పేపర్ ముక్కను బొమ్మకి ఒక పక్కన నిలబెట్టి, దాని వెనకనుంచి ఇంకో ఫోన్ టార్చి వెయ్యండి. 14 సెంటీమీటర్ల కాగితం 42 లెక్కలో దాదాపు 6 మీటర్ల తెర. సినిమా షూటింగుల్లో లారీలో తెచ్చే సరంజామా మీ చేతిలో ఉన్నట్టే. రెండో పక్కన తెల్ల థర్మాకోల్ ముక్క పెడితే నీడలు మరీ నల్లబడవు. ఓడ మీద ఎర్రటి పొద్దు కావాలంటే కాగితం తీసేసి, టార్చిని దూరంగా, కిందికి పెట్టి, ముందు నారింజ రంగు చాక్లెట్ రేపర్ పట్టుకోండి. పొడవాటి నీడలు పడతాయి. పైనున్న ట్యూబ్‌లైటు ఆర్పేయండి. రెండు రంగుల వెలుతురు కలిస్తే తెల్ల సూటు ఆకుపచ్చగా వస్తుంది.

పొగమంచు కావాలంటే అగరుబత్తి. ఫ్యాను ఆపి, బొమ్మ వెనక నుంచి వెలుతురు వేసి, పొగ కాస్త పరుచుకున్నాక తీయండి. సన్నని తీగలా లేస్తున్నప్పుడు తీస్తే అగరుబత్తి పొగలాగే ఉంటుంది. నిప్పుని ముక్కలకి దూరంగా ఉంచండి. మంచు కురవాలంటే మైదా, టీ జల్లెడతో పై నుంచి. మిగతావన్నీ మీకే తడతాయి.

నిలబెట్టే తీరు. లెగో మనిషికి మోచేతులు లేవు, మోకాళ్ళు లేవు. కదిలేవి ఏడే: తల, రెండు భుజాలు, రెండు మణికట్లు, రెండు తొడలు. పెట్టెలోంచి తీసినట్టు రెండు కాళ్ళూ కలిపి, చేతులు కిందికి వదిలేస్తే పరేడ్‌లో ఉన్నట్టుంటాడు. ఒక కాలు కాస్త ముందుకి, ఒళ్ళు కొద్దిగా ముందుకి వాలి, తల ఎటో ఒకపక్కకి. ముఖ్యంగా తల. వాడు కెమెరా వైపు చూడకుండా ఫ్రేములో ఉన్న దేన్నో చూస్తుంటే, మనం కూడా అటే చూస్తాం. చాలా తలలకి వెనకవైపు ఇంకో మొహం ఉంటుంది, జుట్టు తీసి తిప్పి చూడండి. మొదటి పదేళ్ళూ అందరికీ ఒకే చిరునవ్వు. 1989లో సముద్ర దొంగలు వచ్చాకే రకరకాల మొహాలు వచ్చాయి. ఒంటికాలి మీద నిలబడాల్సొస్తే పాదం కింద చిన్న పలక ముక్క తగిలించి దాన్ని ఇసుకలో పూడ్చేయండి. గాల్లో ఎగరాల్సొస్తే గేలానికి కట్టే సన్న నైలాన్ దారం, తర్వాత ఫోన్‌లో చెరిపేయొచ్చు.

ఫోటో తీసే ముందు బొమ్మను మెత్తటి మేకప్ బ్రష్‌తో దులపండి. మన కంటికి ఆనని దుమ్ము పోగు దగ్గరి ఫోటోలో వాడి భుజం మీద తాడులా పడి ఉంటుంది. బీచ్ నుంచి వచ్చాక ముక్కల్ని విప్పి మంచినీళ్ళలో కడగాలి; ఉప్పు గాలి తగిలిన కీళ్ళలో ఇసుక ఉంటే కదిపినప్పుడల్లా గీతలు పడతాయి. నీళ్ళు గోరువెచ్చన దాటకూడదు, 40 డిగ్రీల లోపే. స్టిక్కర్లు అంటించినవీ మోటార్లున్నవీ నీళ్ళలో వేయకండి. ఎండాకాలం మూసిన కారులో ఈ పెట్టె వదిలేయకండి, ఎండలో నిలవ ఉంటే తెల్ల ముక్కలు పచ్చబడతాయి కూడా.

మీ అత్తగారి మాట. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో మెట్లు కట్టి, పాత చీరలు పరిచి, ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలో గంటలకొద్దీ సర్దేది పెద్దవాళ్ళే, పిల్లలు కాదు. ఆవిడ కొలువు పెట్టిన మనిషైతే మీకన్నా బాగా సర్దగలరు, సలహా అడగండి. అల్మరాలో ఏటికొప్పాక బొమ్మలు ఉంటే తీయించండి. అంకుడు కర్రని తరిణె పట్టి లక్క పూసిన ఆ బొమ్మల మెరుపు మెత్తగా, లోపల్నుంచి వచ్చినట్టుంటుంది. ప్లాస్టిక్ మెరుపు పైపైనే ఆగుతుంది. రెండూ ఒకే ఫ్రేములో పెట్టి, పక్క నుంచి కిటికీ వెలుతురు వేస్తే ఆ తేడాయే ఒక ఫోటో. ఏటికొప్పాక ఎడ్లబండి మీద మీ మోటార్‌సైకిల్ పోలీసుని ఎక్కిస్తే నేను తప్పకుండా చూడాలనుకుంటాను.

బాబు పడుకున్నాక తీస్తున్నానన్నారు. వాడి ఓడ, వాడి దొంగలు. పొద్దున్నే చూసుకుంటే కెప్టెన్ టోపీ ఇంకొకడి నెత్తి మీద ఉంటుంది, గొడవ అవుతుంది. వాడు మెలకువగా ఉన్నప్పుడే వారానికి ఒకసారి కలిసి తీయండి. కథ వాణ్ణే చెప్పమనండి, టార్చి వాణ్ణే పట్టుకోమనండి. ఏడేళ్ళవాడికి "ఈ దొంగ ఎక్కడికి పోతున్నాడు" అంటే రెండు నిమిషాల్లో జవాబు ఉంటుంది. మనకి ఆ జవాబు దొరకకే కదా బొమ్మను ఊరికే నిలబెట్టి తీసేది.

ఇక కొనే సంగతి. మీ ఫోన్‌లో ఉన్న 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరాని మరిచిపోండి. లెక్కకి కెమెరాలు నాలుగని చెప్పుకోవడానికి పెట్టేది అది, వివరమూ రాదు, రంగూ రాదు. ప్రధాన కెమెరాతోనే, ఫోకస్ పడేంత వెనక్కి జరిగి తీసి, చుట్టూ కత్తిరించుకోండి. దానికన్నా ఎన్నో రెట్లు మేలు. ఫోన్‌కి తగిలించే క్లిప్పు లెన్సులు బొమ్మ మొహం ఒక్కటే ఫ్రేము నిండా కావాలంటే పనికొస్తాయి, కానీ అంచులు కరిగిపోతాయి, ఫోన్ నీడ బొమ్మ మీదే పడుతుంది. మీకు కావాల్సిన ఫోటోల్లో బొమ్మ చుట్టూ చోటు ఉంటుంది కాబట్టి ఇప్పుడు అవసరం లేదు. కొనాలంటే జానెడు ఎత్తు ఫోన్ స్టాండు ఒకటి, వెలుతురు తగ్గించి పెంచే చిన్న ఎల్‌ఈడీ లైటు ఒకటి, మేకప్ బ్రష్ ఒకటి. పెద్ద కెమెరా మాటకొస్తే, దాంతో ఇంత దగ్గర్నుంచి తీసినప్పుడు ఫోకస్ లోతు ఇంకా తగ్గి, లెన్సు రంధ్రాన్ని చిన్నది చేసి (ఎఫ్ 8, ఎఫ్ 11 అంటారు), ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఫోకస్‌లతో పదేసి తీసి కలపాల్సొస్తుంది. ఆ ఓపిక ఉంటే ఫలితం బాగుంటుంది. ముందు జాడీ, కుర్సుర ఫోటోలు ఫోన్‌తో తీసి పంపండి. వాటిలో మీకు ఏది చాలలేదో చూసి, మోడళ్ళ సంగతి అప్పుడు రాస్తాను.